రంగు మారిన పూలను కోసెయ్యకు

తల్లీ, జి. కొండూరులో కట్టుకున్న కొత్తింటి గేటు మీదికి రాధామనోహరం తీగ ఎక్కించావని మీ అమ్మ చెబితే ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది. పొద్దున లేస్తూనే కత్తెర పట్టుకుని, రంగు మారిన పూలన్నీ ఏరి కోసేస్తున్నావట. తెల్లవి మాత్రమే ఉంచితే తీగ కొత్తగా, శుభ్రంగా కనబడుతుందని నీ ఆలోచన. ఉద్యోగం, చంటిపిల్ల, కొత్త కాపురం, వీటన్నిటి మధ్య తీరిక చేసుకుని తీగకి అంత సేవ చేస్తున్నావంటే నీకు పూలంటే ఎంత ప్రేమో నాకు తెలుస్తూనే ఉంది. ఆ ప్రేమ ఉంది కాబట్టే ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఆ గులాబీ రంగు పూలు, ఎర్రపూలు వాడిపోయినవి కావమ్మా. వాటికి ఇంకా పని ఉంది. నువ్వు వాటిని తీసేస్తే తెల్లపూలకే నష్టం. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా విను. కాలేజీలో పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి, ఆ తరవాత మామిడి తోటలోనే కాలం గడుపుతున్నదాన్ని. పుస్తకంలోది కొంత, తోటలోది కొంత కలిపి చెబుతాను.

ముందు నీ తీగ సంగతే చూద్దాం. రాధామనోహరం మొగ్గ చీకటి పడే వేళకి విచ్చుకుంటుంది. ఆ మొదటి రాత్రి పువ్వు తెల్లగా ఉంటుంది, కాడ మీద అడ్డంగా నిలబడి ముఖం బయటికి పెడుతుంది. వాసన కూడా ఆ వేళే గుప్పుమంటుంది. పువ్వు వెనక సన్నని గొట్టం ఒకటి ఉంటుంది, చూశావా? దాదాపు వేలంత పొడుగు. తేనె ఆ గొట్టం అడుగున ఉంటుంది. అంత లోతుకి నాలుక చాపగలిగింది హాక్ మాత్ అనే పెద్ద చిమ్మట. అది రాత్రిపూట తిరుగుతుంది, పువ్వు మీద వాలకుండా గాలిలోనే నిలబడి తేనె తాగుతుంది. చీకట్లో దానికి దారి చూపించేది తెలుపు, వాసన.

తెల్లారేసరికి అదే పువ్వు గులాబీ రంగులోకి తిరుగుతుంది, కిందికి వాలుతుంది. ఆ మర్నాటికి ముదురు ఎరుపై వేలాడుతుంది. ఇప్పుడు వచ్చే చుట్టాలు వేరు. పగటి వెలుగులో తిరిగే తేనెటీగలు, తేనెపిట్టలు వస్తాయి. ఇజ్రాయెల్‌కి చెందిన ఐసికోవిచ్, రోటెం అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1987లో ఈ తీగ మీదే ఒక పరిశోధన వ్యాసం రాశారు. పువ్వు వాలే తీరు, రంగు మారే తీరు రెండూ కలిసి, రాత్రి వచ్చేవాళ్లనీ పగలు వచ్చేవాళ్లనీ వేరు చేసి పంచుకోవడానికి తీగకి పనికొస్తుండవచ్చని వాళ్లు చెప్పారు. నువ్వు పొద్దున కత్తిరించేస్తున్నవి సరిగ్గా ఆ పగటి పూట కొలువుకి నిలబడ్డ పూలు.

ఇంతకంటే స్పష్టంగా ఈ సంగతి చెప్పే మొక్క ఇంకొకటుంది. దాన్ని చూడ్డానికి నర్సరీకి వెళ్లక్కర్లేదు. కొండూరు నుంచి మైలవరం వెళ్లే రోడ్డు గట్ల మీద, కొండపల్లి అడవి అంచున ఎక్కడ చూసినా అదే. తలంబ్రాల చెట్టు అంటూ చిన్నప్పుడు మీరు గుత్తులు తెంపి ఒకళ్ల మీద ఒకళ్లు పోసుకునేవాళ్లే, అది. పుస్తకాల్లో లాంటానా. గుత్తి మధ్యలో పసుపుపచ్చ పూలు, చుట్టూ నారింజ రంగువి, అంచున ఎర్రవి. మధ్యలోవి నేడు పూసినవి, అంచున ఉన్నవి ముందు పూసినవి.

జర్మనీలో పుట్టి బ్రెజిల్‌లో స్థిరపడ్డ ఫ్రిట్జ్ ముల్లర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ గుత్తుల దగ్గర నిలబడి సీతాకోకచిలుకల్ని గమనించాడు. డార్విన్‌తో ఉత్తరాలు నడిపినవాడు ఆయన. ఆయన చూసిన లాంటానా పువ్వు మూడు రోజులు ఉండేది. మొదటి రోజు పసుపు, రెండో రోజు నారింజ, మూడో రోజు ఊదా. కొన్ని జాతుల సీతాకోకచిలుకలు పసుపు పూల మీద మాత్రమే వాలాయి, కొన్ని పసుపు, నారింజ రెండింటినీ చూశాయి, ఊదా రంగు పువ్వుని మాత్రం ఏదీ ముట్టుకోలేదు. ఈ సంగతి 1877లో నేచర్ పత్రికలో అచ్చయింది. దాని నుంచి పుట్టే ప్రశ్న ఇవాళ నీకూ పనికొస్తుంది. తేనె లేని పూలను చెట్టు రాల్చేయొచ్చుగా, ఎందుకు మొయ్యడం?

ఆ ప్రశ్నకి ఆయనే ఒక జవాబు ఊహించాడు, దాన్ని పరీక్షించి చూడడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మాథుర్, మోహన్‌రామ్ 1978లో లాంటానా మీద రాసిన వ్యాసంలో ఒక గొప్ప విషయం బయటపెట్టారు. పుప్పొడి అందడమే రంగు మార్పుని మొదలుపెడుతుంది. తన పని అయిందని తెలిశాకే పువ్వు రంగు మార్చుకుంటుందన్నమాట. వాళ్లు చూసిన మొక్కల్లో ఆ పుప్పొడి మోసింది సీతాకోకచిలుక కూడా కాదు, కంటికి ఆనీ ఆనకుండా ఉండే తామర పురుగులు. 2021–22లో మన మిరప తోటల్ని కాల్చుకుతిన్న నల్ల తామర పురుగు కులానిదే అది కూడా. అవి కూడా పసుపు పూలకే చేరాయి, ఎర్రవాటిని వదిలేశాయి.

ఆ తరవాత అమెరికాలో మార్తా వైస్ అనే శాస్త్రజ్ఞురాలు 1991లో నేచర్‌లోనే దీని లెక్క తేల్చింది. రంగు మారే పూలు ఏదో ఒకటీ అరా మొక్కల వింత కాదు, 70కి పైగా వృక్ష కుటుంబాల్లో ఈ పద్ధతి ఉందని చూపించింది. పాత పూలు ఉంచితే చెట్టు దూరానికి పెద్దగా, నిండుగా కనబడుతుంది, ఎగిరే పురుగు అటు తిరుగుతుంది. దగ్గరికి వచ్చాక పాత పువ్వు రంగు దానికి దారి చెబుతుంది: నా దగ్గర ఏమీ లేదు, ఆ పక్కన విచ్చుకున్న పిల్ల దగ్గర ఉంది, అటు వెళ్లు. పురుగుకి వృథా తిరుగుడు తప్పుతుంది, కొత్త పువ్వుకి పుప్పొడి అందుతుంది, చెట్టుకి గింజ కడుతుంది. ముగ్గురికీ లాభమే.

ఇప్పుడు నీ తీగ సంగతి ఆలోచించు. తెల్లవి నాలుగే ఉంచి మిగతావి కోసేస్తే, ఆ నాలుగింటినీ దూరం నుంచి ఎవరు చూస్తారు?

రంగు ఎలా మారుతుందో కూడా తెలుసుకో, అది తెలిస్తే చెట్టు మీద గౌరవం పెరుగుతుంది. వయసు మీద పడి రంగు వెలిసిపోవడం కాదిది, పువ్వు కూడబెట్టిన శక్తిని ఖర్చుపెట్టి కొత్త రంగు తయారుచేసుకుంటుంది. ఎరుపు, గులాబీ, ఊదా రంగులకు కారణం ఎక్కువగా ఆంథోసయనిన్లనే వర్ణకాలు. రాధామనోహరం రేకులో అవి మొదట ఉండవు, తరవాత పుడతాయి. మన మామిడి చిగురు ఉంది చూడు, అందులో కథ తిరగబడుతుంది. లేత ఆకు రాగి రంగులో వేలాడుతూ పుడుతుంది, ముదిరేకొద్దీ ఆ ఎరుపు తగ్గి పచ్చదనం ఎక్కుతుంది. ఆ లేత ఎరుపూ ఈ ముదురు ఎరుపూ ఒకే జాతి వర్ణకం. ఆకుకి అది చిన్నతనం గుర్తు, ఈ పువ్వుకి పెద్దతనం గుర్తు. అందుకే ఒక రంగు చూసి ఇది లేతది, ఇది ముసలిదని తీర్పు చెప్పడం కుదరదు. ఏ చెట్టు రంగు ఆ చెట్టు దగ్గరే నేర్చుకోవాలి.

రాధామనోహరానికి పూర్తిగా వ్యతిరేకంగా నడిచేది బ్రన్‌ఫెల్సియా. కడియం నర్సరీల నుంచి వచ్చే బండ్లలో "ఎస్టర్‌డే టుడే టుమారో" అని అమ్ముతారే, ఆ బ్రెజిల్ మొక్క. ఊదాగా పూస్తుంది, లేత ఊదా అవుతుంది, తెల్లబడుతుంది. ఒకే కొమ్మ మీద మూడు రోజులూ కనబడతాయి. అక్కడ తెలుపు పెద్దవాళ్ల రంగు.

రంగులు మారే మందారం ఇంకా వేగం. దాన్ని సంస్కృతంలో స్థలపద్మం అంటారు. పొద్దున పాలలా తెల్లగా విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి గులాబీ, సాయంత్రానికి ముదురు ఎరుపు. ఒక్క పగటిలో మూడు వయసులూ అయిపోతాయి. పొద్దున తెల్లపువ్వు ఒకటి కోసి ఫ్రిజ్‌లో పెట్టి చూడు, తెల్లగానే ఉండిపోతుంది. బయటికి తీస్తే మెల్లగా గులాబీ ఎక్కుతుంది. వేడి తగిలితేనే ఆ వర్ణకం తయారవుతుంది మరి. పాప కాస్త పెద్దయ్యాక ఈ ప్రయోగం చేసి చూపించు, పుస్తకం లేకుండానే రసాయనశాస్త్రం మొదటి పాఠం అయిపోతుంది. ఈ మందారం పుట్టిల్లు దక్షిణ చైనా. అక్కడ చెంగ్డూ నగరానికి ఇదే నగర పుష్పం. 10వ శతాబ్దిలో అక్కడ ఏలిన మెంగ్ ఛాంగ్ అనే రాజు కోట గోడల పొడుగునా దీన్ని నాటించాడని చెబుతారు. ఒక రాజధాని మొత్తం సాయంత్రానికి రంగు మారడం ఊహించుకో.

ఇవన్నీ పెరటి మొక్కలు. మన పొలాల్లో కూడా ఇదే కథ నడుస్తోంది, రోజూ చూసే కళ్లకి అలవాటైపోయి కనబడదు, అంతే. పత్తి చేను చూడు. పొద్దున విచ్చుకున్న పువ్వు మీగడ రంగులో ఉంటుంది. సాయంత్రానికి ముడుచుకుంటుంది, మర్నాటికి గులాబీ తిరిగి ఎర్రబడి, తరవాత రాలిపోతుంది. గూడ, పువ్వు, కాయ అని రైతు లెక్కపెట్టుకునే వరసలో ఆ ఎర్రపువ్వు కింద కాయ అప్పటికే మొదలైంది. చేలో నడుస్తూ తెల్లపూలు ఎన్ని, ఎర్రపూలు ఎన్ని అని చూస్తే, నిన్న ఎంత పూసిందో ఇవాళ ఎంత పూసిందో తెలిసిపోతుంది. రోడ్డు పక్కన గంగరావి కూడా అంతే. నిమ్మపండు పసుపులో పూసి, వాడే వేళకి ఎర్ర ఊదాలోకి తిరుగుతుంది.

ఇక మామిడి. జిల్లాలు విడిపోయి 2022లో నూజివీడు ఏలూరు జిల్లాకి, మనం ఎన్టీఆర్ జిల్లాకి వెళ్లాం కానీ తోటలకి ఆ గీత తెలియదు. అవే రసాలు, అదే బంగినపల్లి, అదే తోతాపురి. ఈసారి పూత వచ్చినప్పుడు ఒక గుత్తిని భూతద్దం పెట్టి చూడు. పువ్వు బియ్యపు గింజకంటే పెద్దదేమీ కాదు. మీగడ రంగు రేకు మీద పసుపుపచ్చ గీతలుంటాయి. పువ్వు పాతబడేకొద్దీ ఆ గీతలు గులాబీలోకి తిరుగుతాయి. తోటలోకి అడుగుపెట్టగానే పూతంతా ఒక వైపు పసుపుగా, ఒక వైపు ఎర్రజీరగా కనబడడానికి అదీ ఒక కారణం. ఒక్కో గుత్తిలో వందలు, కొన్నిట్లో వేల పూలుంటాయి. అందులో చాలావరకు మగపూలు. పిందె కట్టగలిగిన పూలు కొన్నే, అందులోనూ చివరిదాకా నిలిచే కాయలు గుత్తికి ఒకటో రెండో. ఆ ఒకటి రెండు నిలవడానికి ఈగలు, తేనెటీగలు ఆ చిన్న పూల మధ్య తిరగాలి. మామిడికి ఈగ గొప్ప స్నేహితుడు. పూత రోజుల్లో తోటలో ఈగలు ముసిరాయని విసుక్కోకు.

అందుకే మీ ఆయనకీ ఒక మాట చెప్పు, తోట ఇప్పుడు ఆయన చేతిలో ఉంది కాబట్టి. తేనెమంచు పురుగుకి మందు కొట్టాల్సింది పూమొగ్గ దశలో. తరవాత మళ్లీ అవసరమైతే పిందె బఠాణీ గింజంత అయ్యాక. మధ్యలో, పూత నిండుగా విచ్చుకుని గీతలు పసుపుగా ఉన్న రోజుల్లో పురుగుమందు తోటలోకి రానివ్వకూడదు. ఆ రోజుల్లో కొడితే చచ్చేది పురుగే కాదు, పిందె కట్టించే ఈగలూ తేనెటీగలూ కూడా. పక్క తోటవాళ్లు కొడుతున్నారని భయపడి కొట్టేయడం కంటే, నూజివీడులో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ల మామిడి పరిశోధనా కేంద్రం ఉంది, అక్కడికి వెళ్లి ఒక గుత్తి చూపించి అడిగి రావడం మేలు.

రంగు గురించి మాట్లాడుతున్నాను కాబట్టి కాయ సంగతి కూడా ఒక్క మాట. ముందుగా మార్కెట్ పట్టుకోవాలని పచ్చి కాయ దించి కార్బైడ్ పెట్టి మగ్గేసేవాళ్లుంటారు. తొక్కకి పసుపు వస్తుంది, లోపల పులుపు పోదు. కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం మన దేశంలో చట్టం ప్రకారం నిషేధం. నీ తోట కాయకి ఆ గతి పట్టనివ్వకు. లోపల పక్వం వచ్చాక బయటికి వచ్చే రంగుని నమ్మొచ్చు. పక్వం రాకుండా పూసిన రంగు కొన్నవాణ్ణి మోసం చేస్తుంది, మరుసటి ఏడు నీ పేరు చెప్పి కొనేవాడు ఉండడు.

ఇన్ని చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రతి రంగు మార్పూ ఇదే కథ కాదు. చంద్రకాంత మొక్కకి ఒకే కొమ్మ మీద రెండు మూడు రంగుల పూలు పూస్తాయి, ఒకే పువ్వులో సగం పసుపు సగం ఎరుపు కూడా ఉంటుంది. అది పుట్టుకతో వచ్చింది, వయసుతో వచ్చింది కాదు. ఎర్ర గులాబీ మన ఏప్రిల్ ఎండకి పాలిపోతే అది ఎండ దెబ్బ. మామిడి పూగుత్తి మీద తెల్లగా పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు, తేనెమంచు కారి నల్లబడితే మసి. పత్తి పువ్వు విచ్చుకోకుండా రేకులు మెలిపడి ముడుచుకుని ఉంటే దాన్ని రైతులు గుడ్డి పువ్వంటారు, లోపల గులాబీ రంగు పురుగు ఉంటుంది. వీటిని మాత్రం చూసీ చూడనట్టు వదిలెయ్యకు. తెగులు పట్టిన గుత్తిని తీసెయ్, గుడ్డి పువ్వుని ఏరి నాశనం చెయ్.

తేడా తెలుసుకోవడానికి తేలిక మార్గం ఉంది. సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గలు కొన్నిటికి కాడ దగ్గర రంగు దారం వదులుగా కట్టు. రోజూ పొద్దునా సాయంత్రం చూసి రంగు, వాలిన తీరు, వాసన ఉందా లేదా, ఏ పురుగు వాలింది అని ఒక నోటుపుస్తకంలో రాసుకో. కొన్ని మొగ్గలకి పల్చటి మల్లు గుడ్డ సంచి కట్టి పురుగు రాకుండా చూడు. సంచిలో పువ్వూ బయటి పువ్వూ ఒకేసారి రంగు మారాయా, వెనకాముందూ అయ్యాయా చూడు. ఒకేసారి మారితే ఆ పువ్వుకి వయసే గడియారం. సంచిలోది ఆలస్యం చేస్తే పుప్పొడి కోసం ఎదురుచూస్తోందన్నమాట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఆయన తరవాత ఆలూరి జాకబ్ సోలమన్ రాజు తూర్పు కనుమల చెట్ల దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని ఏ పువ్వుకి ఏ పురుగు వస్తుందో రాసిపెట్టారు. ఆ పనికి కావలసిన మొదటి సరంజామా కళ్లు, ఓపిక. నీకు రెండూ ఉన్నాయి.

పెంచే విషయంలో కూడా కొన్ని గుర్తుపెట్టుకో. రాధామనోహరం పెద్ద తీగ, గేటు మీద సన్న ఇనప చువ్వ దాని బరువు ఆపలేదు, గట్టి పందిరి వేయించు. ఆకు రాలిన చోట కాడ మొదలు ముల్లులా గట్టిపడి మిగులుతుంది, పాప చేతికి అందే ఎత్తులో ఆ తీగలు లేకుండా చూసుకో. కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి ఒక విడత పూత పూర్తిగా అయిపోయాక కొమ్మలు కత్తిరించు. కత్తెర అప్పుడు కావాలి. ఎండ నిండా తగలాలి, నీడలో పెడితే ఆకులే మిగులుతాయి. రంగులు మారే మందారం కొమ్మ గుచ్చితే బతుకుతుంది, కాని దానికి పిండినల్లి బెడద ఎక్కువ. కనబడగానే ఆ కొమ్మని గట్టి నీళ్ల ధారతో కడుగు. బ్రన్‌ఫెల్సియా కాయలూ గింజలూ విషం, ఇంట్లో కుక్కపిల్ల ఉంది కదా, జాగ్రత్త. లాంటానాని మాత్రం పెరట్లోకి తెచ్చుకోకు. అందం కోసం 19వ శతాబ్ది మొదట్లో ఈ దేశానికి తెచ్చారు, ఇవాళ అడవులు మింగేస్తోంది. ఆకు తింటే పశువులకు జబ్బు చేస్తుంది. గట్టు మీద ఉన్నదాని దగ్గరే నిలబడి చూసి నేర్చుకో, చాలు.

ఇక అసలు మాటకి వస్తాను తల్లీ. మొన్న ఫోన్‌లో నువ్వు అన్నది నా చెవిలోనే ఉంది. "పాప పుట్టాక నేను మునుపటి మనిషిని కాదు అమ్మమ్మా, ఎవరికీ దేనికీ చాలడం లేదు" అన్నావు. ఆఫీసులో మునుపటిలా రాత్రి తొమ్మిదింటిదాకా ఉండలేకపోతున్నావు. ఇంటికొచ్చే చుట్టాలకి మునుపటిలా నాలుగు రకాలు వండలేకపోతున్నావు. స్నేహితులు పిలిస్తే వెళ్లలేకపోతున్నావు. అందరి ముందూ మాత్రం మునుపటి నవ్వే నవ్వి, సరే చేస్తానని ఒప్పుకుని, తరవాత ఒంటరిగా ఏడుస్తున్నావు. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

రంగు మారే పూలు నీకు చెప్పేది ఇదే. తేనె అయిపోయిన పువ్వు కొత్త పువ్వు రంగు వేసుకుని కూర్చోదు. తన దగ్గర లేదని రంగుతో చెబుతుంది, దాచుకోదు, సిగ్గుపడదు. అలాగని లేదని చెప్పి రాలిపోనూ రాలిపోదు. కాడ పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్లకి పక్కనున్న దాన్ని చూపిస్తుంది. లేదని చెప్పడమూ, ఉండడమూ రెండూ ఒకేసారి చెయ్యొచ్చని నువ్వు నేర్చుకోవాలి. నువ్వు మాత్రం లేదని చెబితే వెళ్లిపోవాలేమో, ఉండాలంటే అన్నిటికీ ఊఁ కొట్టాలేమో అనుకుంటున్నావు. ఆ రెండే దారులు కావు.

ఆఫీసులో చెప్పు: ఈ ఏడాది నేను రాత్రి పని చెయ్యలేను, ఈ పని ఫలానా అమ్మాయి నా కంటే బాగా చేస్తుంది, ఆమెకి నేను నేర్పుతాను, అని. చుట్టాలకి చెప్పు: భోజనం సాదాగా ఉంటుంది, మీరు మాత్రం తప్పకుండా రండి, అని. మీ అత్తగారికి చెప్పు: అత్తయ్యా, ఈ పూట నాకు ఒంట్లో ఓపిక లేదు, పాపని కాస్త చూడండి, అని. ఆవిడ కాదనే మనిషి కాదు, అడగకుండా ఎలా చేస్తుంది? నిజం చెప్పినవాళ్ల మీద కోపం వచ్చినా నాలుగు రోజుల్లో పోతుంది. ఒప్పుకుని చెయ్యలేకపోయినవాళ్ల మీద నమ్మకం పోతే తిరిగి రావడం కష్టం.

ఇది నీ ఒక్కదానికే కాదు. తోట లెక్కలు, కూలీల పనులు, నున్న మార్కెట్‌కి కాయ పంపే బాధ్యత అన్నీ మీ ఆయన చేతిలో పెట్టినప్పుడు ఊళ్లో కొందరు నన్ను అడిగారు, ఇక నీకేం పని అని. ఎవరైనా కాయ బేరానికి వస్తే "అబ్బాయితో మాట్లాడండి" అంటాను. ఏ చెట్టు ఏ ఏడు విరగ కాస్తుంది, ఏ చెట్టు సెలవు తీసుకుంటుంది అని అబ్బాయి అడిగితే చెబుతాను. పెత్తనం నాది కాదు, ఉనికి నాదే. పెద్దవాళ్లలో కొందరు పెత్తనం వదలలేక పిల్లలకి దారి ఇవ్వరు. కొందరు పెత్తనం పోయిందని మూల కూర్చుంటారు. రెండూ తప్పే. నీ చుట్టూ ఉన్న పెద్దవాళ్లలో ఎవరైనా మూల కూర్చుంటే వాళ్లని పిలిచి నడి ఇంట్లో కూర్చోబెట్టు. వాళ్ల దగ్గర నాలుగు మాటలు అడుగు. వాళ్లున్న ఇల్లు దూరానికి నిండుగా కనబడుతుంది, దగ్గరికొచ్చిన పిల్లలకి దారి తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం పువ్వుకీ మనిషికీ తేడా ఉంది, అది మరిచిపోకు. పువ్వు పని అయ్యాక రంగు మార్చుకుంటుంది, మళ్లీ వెనక్కి రాదు. నువ్వు అలా కాదు. ఈ ఏడు నీ దగ్గర లేనిది వచ్చే ఏడు ఉండొచ్చు. పాప నడక నేర్చుకుని, బడికి పోయే నాటికి నీకు మళ్లీ తీరిక, ఓపిక వస్తాయి. అప్పుడు కొత్త పని మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అప్పటిదాకా నిన్ను నువ్వు కత్తిరించుకోకు.

అద్దంలో చూసుకుని కళ్ల కింద నలుపు గురించి బాధపడ్డావని కూడా మీ అమ్మ చెప్పింది. నిద్ర తక్కువై వచ్చింది, నిద్ర పోతే తగ్గుతుంది, పాపని అత్తగారికి ఇచ్చి మధ్యాహ్నం పడుకో. రక్తం తగ్గిందేమో పరీక్ష చేయించుకో, కాన్పు తరవాత చాలామందికి తగ్గుతుంది, నిర్లక్ష్యం చెయ్యకు. మనసు బాగోని రోజులు వరసగా వస్తుంటే డాక్టరమ్మకి ఆ మాట కూడా చెప్పు, అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. జబ్బుని వయసు అనుకోకూడదు, వయసుని జబ్బు అనుకోకూడదు. తోటలో తెగులునీ పూతనీ వేరు చేసి చూసినట్టే ఒంట్లోనూ చూసుకోవాలి.

నీ పాప నిన్ను చూసే అన్నీ నేర్చుకుంటుంది. అమ్మ చెయ్యలేనిది చెయ్యలేనని మామూలు గొంతుతో చెప్పి, ఆ తరవాత కూడా అందరి మధ్యా హాయిగా కూర్చోవడం అది చూడాలి. అది చూసి పెరిగిన పిల్ల రేపు ఏ ఇంటికి వెళ్లినా, ఏ ఆఫీసులో కూర్చున్నా తన మాట తను చెప్పుకోగలుగుతుంది. నువ్వు దానికి పెట్టగలిగిన ఆస్తుల్లో అదే పెద్దది. ముందు ఈ వారంలో, నువ్వు అనవసరంగా ఒప్పుకున్న పని ఒకటి ఎంచుకుని, మర్యాదగా కాదని చెప్పిరా. ఎలా జరిగిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు, వింటాను. నీకూ నీ ఇంటికీ అంతా మంచే జరుగుతుంది, చల్లగా ఉండు తల్లీ.